అమావాస్య నాటి ధర

ఖడక్‌సర్ ఉల్లి మార్కెట్‌లో నలభై ఏళ్ళు వేలం పిలిచాను. పేరు నామదేవ్ పగార్. ఊళ్ళో పెద్దా చిన్నా అందరికీ తాత్యాని. చదివింది మా పల్లె బడిలో ఏడో తరగతి దాకా. ఆ ఏడు తరగతుల లెక్కతోనే, సరుకు బాగా దిగే రోజుల్లో పూటకు మూడు వందల ట్రాక్టర్ల ఉల్లికి ధర తేల్చాను. నేనొక ట్రాక్టరు ముందు నిలబడితే పదిహేను మంది వ్యాపారులు చుట్టూ మూగేవారు. ఒకడు గొంతు చించుకుంటాడు, ఒకడు వేలు కదుపుతాడు, ఇంకొకడు కనుబొమ్మ మాత్రం ఎత్తుతాడు. ఎవరి పాట ఎంతో నా కంటికీ చెవికీ ఒకేసారి అందేది. అర నిమిషంలో చీటీ రాసి రైతు చేతిలో పెట్టి పక్క ట్రాక్టరు దగ్గరికి నడిచేవాణ్ణి. నలభై ఏళ్ళలో నా చీటీ మీద తగవు లేచింది రెండే సార్లు. రెండు సార్లూ వ్యాపారే తల దించుకున్నాడు.

గడ్డ పై పొర రెండు వేళ్ళ మధ్య నలిపి, ఆ చప్పుడు విని, అది ఎన్ని వారాలు ఆగుతుందో చెప్పేవాణ్ణి. పెద్ద తూకం కాటా పలక కింద మట్టి పేరుకుని ట్రాక్టరుకు ఎనిమిది కిలోలు మింగుతోందని కనిపెట్టింది నేనే. ఒక ఏడు ధర పూర్తిగా పడిపోయి రైతులు గేటుకు అడ్డంగా ఉల్లి పారబోసి కూర్చుంటే, వాళ్ళనూ వ్యాపారులనూ ఒకే జంపఖానా మీద కూర్చోబెట్టి, ముందు టీ తాగించి, తర్వాత మాట్లాడించి, పొద్దు వాలకముందే వేలం మొదలుపెట్టించాను. ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, ఎవరినైనా అడగవచ్చు.

వీటన్నిటికంటే పెద్ద పని నా నోటుపుస్తకాలు. రోజూ వేలం ముగిశాక ఆనాటి తక్కువ ధర, ఎక్కువ ధర, మధ్య ధర రాసుకునేవాణ్ణి. పుటకు ఆరు గీతలు, సోమవారం నుంచి శనివారం దాకా. ఏడాదికి ఒక పుస్తకం, మొత్తం నలభై. మార్కెట్ కచేరీలో రిజిస్టర్లు వేరే ఉండేవి కాని, అవి ఒకసారి వానకు తడిశాయి, ఒకసారి చెదలు తిన్నాయి. నా పుస్తకాలకు ఏమీ కాలేదు. మా ఆవిడ ఠకూబాయి పట్టుచీరలు కింద పెట్టి, పెట్టె పై అరలో వాటిని ఉంచింది. నేను పదవి విరమించిన నాడు శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి ఇచ్చిన మానపత్రంలో "చెవితో వినని ధర చేత్తో రాయని మనిషి" అని రాయించారు. ఆ మాట చదివినప్పుడు పందిట్లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నాకు డెబ్బై నిండిన ఏడు, బబన్ గాంగుర్డే కూతురు మృణాల్ మా ఇంటికి వచ్చింది. బబన్ మా మార్కెట్‌లో బస్తాలు మోసిన హమాలీ. అంతటి వీపు నేను మరొకటి చూడలేదు. కూతురు తాలూకా కాలేజీలో గణాంకాలు చెప్పే మేడమ్ అయింది, పుణెలో డాక్టరేటు కోసం పరిశోధన చేస్తోంది. నా నోటుపుస్తకాలు కావాలంది. ఇన్నేళ్ళ పాటు, ఒక్క వారం కూడా తెగకుండా, ఒకే చేత్తో రాసిన ధరలు దేశంలో ఇంకెక్కడా తనకు దొరకలేదని చెప్పింది. ఈ మాట విన్నాక ఇవ్వకుండా ఎట్లా ఉంటాను? చేతులు కడుక్కుని ముట్టుకోవాలనీ, పుటల మధ్య పెన్ను పెట్టకూడదనీ మాత్రం షరతు పెట్టాను.

ఏం చేస్తావమ్మా వీటితో అంటే, వర్ణపట విశ్లేషణ అంది. మూడు అంచుల గాజుముక్కలోంచి పోతే ఎండ ఏడు రంగులుగా విడిపోయినట్టు, ధరల వరుసను కూడా విడగొట్టవచ్చట. నాకు అంతు పట్టలేదని గ్రహించి, ఆ పిల్ల నా భాషలోకి దిగింది. "తాత్యా, మీరు ఏకాదశి భజనలో తాళాలు వాయిస్తారు కదా. మృదంగం ఒక వేగం, తాళాలు ఒక వేగం, వీణ ఇంకో వేగం. గుడి బయట నిలబడ్డవాడికి అన్నీ కలిసిన ఒకే మోత వినిపిస్తుంది. మీకైతే ఏది ఏదో విడివిడిగా తెలుస్తుంది. ధర కూడా అట్లాంటి మోతే. ఏడాదికోసారి కొట్టే దెబ్బ ఒకటి, వారానికోసారి కొట్టేది ఒకటి, ఇంకా మనకు తెలియనివి కొన్ని. వాటిని విడదీసి, ఏది ఎంత గట్టిగా కొడుతోందో చెప్పే లెక్క ఇది."

ఇంత తేటగా నాకు ఏ పంతులూ ఏ పాఠమూ చెప్పలేదు.

ఆమె, ఆమె విద్యార్థులు కలిసి ఎనిమిది నెలలు ఆ అంకెలన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. భాద్రపద పూర్ణిమ దాటాక ఒక సాయంత్రం మృణాల్ కంప్యూటరు చంకన పెట్టుకుని వచ్చింది. తెర మీద గీతలన్నీ కర్రలు పాతినట్టున్నాయి. ఒక్కో కర్ర ఒక్కో వేగం. పొడుగు కర్ర అంటే గట్టి దెబ్బ. అన్నిటికంటే పొడుగుది ఏడాది కర్ర. అందులో వింత లేదు, ఉల్లి పంటకు కాలం ఉంది కాబట్టి ధరకూ ఉంటుంది. ఆమె వేలు రెండో పొడుగు కర్ర మీద ఆగింది.

"ఇరవై తొమ్మిదిన్నర రోజులు," అంది. "ఏ పుస్తకంలోనూ లేదు ఇది. అమావాస్యకు ధర కిందికి దిగుతోంది, మళ్ళీ లేస్తోంది. చంద్రుడి లెక్క, తాత్యా."

ఆమె కళ్ళు మెరిశాయి. నా కళ్ళు ఇంకా మెరిసి ఉంటాయి. ఏడో తరగతి చదివిన మనిషి పుస్తకాల్లో చంద్రుడు దొరికాడు. పుణెలో పెద్దలు వింటారు, పత్రికలో పేరు వేస్తారు. మర్నాడు గడ్డం గీయించుకోవడానికి వెళ్ళి మంగలి షాపులో చెప్పాను, టీకొట్టులో చెప్పాను, బస్టాండులో తెలియని మనిషి ఒకడు టైమ్ అడిగితే అతనికీ చెప్పాను. మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

రెండు రోజులకు కారభారీ బోరస్తే వచ్చాడు. అరవై మంది ఉల్లి రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీకి అతను అధ్యక్షుడు. అప్పటికి ఆ అరవై ఇళ్ళ ఎండాకాలపు ఉల్లి ఇంకా చాళల్లోనే ఉంది. చాళ అంటే గాలి దూరేలా సందులు వదిలిన కర్రగోడల కొట్టం. వేసవిలో పోసిన గడ్డ వానల దాకా అందులో నిలుస్తుంది. ఆ ఏడు వాన వదలడం లేదు, అంచుల్లో మొలక కనిపిస్తోంది. అయినా అతను ధీమాగా ఉన్నాడు. మృణాల్ మేడమ్ తెర మీద గీసిన అల తాను చూశాననీ, అల అడుగు అమావాస్య నాడు ఉంటే శిఖరం పూర్ణిమ నాడు ఉంటుందనీ, కాబట్టి ఈ నెలాఖరు పితృ అమావాస్య దాటి, ఆశ్వయుజంలో వచ్చే కోజాగిరీ పూర్ణిమకు నాలుగు రోజుల ముందు చాళలు తెరుస్తామనీ చెప్పాడు. మూడు వారాల ఆలస్యం. గురువారం మీటింగులో తీర్మానం అన్నాడు. పోతూ పోతూ నా కాళ్ళకు దండం పెట్టాడు. నేను ఆశీర్వదించాను కూడా.

ఆ పూట భోజనానికి కూర్చున్నాం. సజ్జపిండి రొట్టె, భాకరీ, విరుస్తూ మా ఆవిడకు ఈ కథంతా మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె పచ్చిమిరప తొక్కు వడ్డిస్తూ విన్నది. విని, చాలా మామూలుగా అడిగింది.

"అమావాస్య నాడు మార్కెట్ మూత కదండీ. మీరు ఇంట్లోనే ఉండేవారు. ఆ రోజు ధర మీకెవరు చెప్పేవాళ్ళు?"

భాకరీ ముక్క చేతిలోనే ఉండిపోయింది.

నా నలభై ఏళ్ళలో ఏ అమావాస్య నాడూ మా మార్కెట్‌లో వేలం జరగలేదు. ఇప్పుడు జరుగుతోంది, ఈ సంగతులన్నీ అయ్యాకే మొదలైంది. అప్పట్లో అమావాస్య అంటే గేటుకు తాళం. కాని రైతు ఊరికే కూర్చుంటాడా? పని లేని రోజు కాబట్టి పొద్దున్నే మా అరుగు మీదికి పది మంది చేరేవారు. తాత్యా, ఇవాళ వేలం ఉంటే ఎంత పలికేది, రేపు బండి కట్టమంటారా వద్దా అని అడిగేవారు. ఆదివారాలైతే నేను పొలంలో ఉండేవాణ్ణి, దొరికేవాణ్ణి కాదు. అమావాస్య నాడు దొరికేవాణ్ణి. ముందురోజు పాట, వచ్చిన సరుకు, వ్యాపారుల ముఖాలు అన్నీ తలుచుకుని నాలో నేను ఒక ధర అనుకునేవాణ్ణి. అనుకున్నది అనుకున్నట్టు చెప్పేవాణ్ణి కాదు. రూపాయికి ఒక అణా తగ్గించి చెప్పేవాణ్ణి. ఎక్కువ చెప్పి మర్నాడు తక్కువ పలికితే మనిషి ఏడుస్తూ ఇంటికి పోతాడు. తక్కువ చెప్పి ఎక్కువ పలికితే నవ్వుతూ పోతాడు. చెప్పిన మాట మర్చిపోకుండా దాన్నే పుస్తకంలో ఆ రోజు గీత మీద రాసేవాణ్ణి. పండగ సెలవైతే పండగ పేరు రాసేవాణ్ణి. అమావాస్య పండగ కాదు. ఖాళీగా వదిలితే మా బడి పంతులు గుర్తొచ్చేవాడు. గీత ఖాళీగా ఉంటే అరచేయి చాపమనేవాడు.

అట్లా నలభై ఏళ్ళు. నాలుగు వందల పైచిలుకు గీతలు. ఒక్కటీ నేను చెవితో విన్న ధర కాదు.

మృణాల్‌కు ఇది తెలిసే దారి లేదు. బబన్‌కు అమావాస్య నాడు కూడా వ్యాపారుల గోదాముల్లో బస్తాలు కుట్టే పని ఉండేది కాబట్టి, ఆ పిల్ల ఇంట్లో అది సెలవు కాదు. పుస్తకంలో ఇంగ్లీషు తారీఖులు ఉన్నాయి, తారీఖు పక్కన ధర ఉంది. ధర ఉన్నప్పుడు వేలం జరిగిందనే ఎవరైనా అనుకుంటారు. కారభారీకి మూత సంగతి తెలుసు గాని, నా పుస్తకంలో ఏముందో అతనికి తెలియదు. రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇక మా ఆవిడ.

నేను నోరు మూసుకుంటే అరవై చాళల ఉల్లి నా అణా కోసం మూడు వారాలు వానలో కూర్చుంటుంది. నోరు తెరిస్తే ఆ మానపత్రం అబద్ధం అవుతుంది. అంతే కాదు, ఆ పిల్ల పుణెలో చదవబోయే కాగితం కూడా పోతుంది. ఎనిమిది నెలల శ్రమ. మర్నాడు రోజంతా అరుగు మీద కూర్చుని, మాట ఎట్లా మొదలుపెట్టాలా అని ఆలోచించాను. నేనెప్పుడూ మాటకు వెతుక్కోలేదు. ఆ రోజు వెతుక్కున్నాను.

ఠకూబాయి నన్ను రెండుసార్లు చూసి లోపలికి పోయింది. మూడోసారి నా టోపీ ఉతికి, ఆరేసి, మడిచి తెచ్చి పక్కన పెట్టింది. టోపీ పెట్టుకుని లేచాను.

మృణాల్ కాలేజీలో ఖాళీ గదిలో కాగితాలు దిద్దుతోంది. అంతా చెప్పాను. అరుగు, రైతులు, అణా, ఖాళీ గీత, ఏదీ దాచలేదు. ఆమె ముఖంలో రంగు దిగిపోవడం నాకు తెలిసింది. తర్వాత కంప్యూటరు తెరిచి కర్రల బొమ్మ పైకి తెచ్చి, నాకు ఇంతకుముందు చూపించని చోటు చూపించింది. ఇరవై తొమ్మిదిన్నర దగ్గర ఒక కర్ర. దానికి సగం దగ్గర ఇంకొకటి. మూడో వంతు దగ్గర, నాలుగో వంతు దగ్గర కూడా. పోలీసు కవాతులో జవాన్లలా వరుసగా నిలబడ్డాయి.

"ఇవి నాకు ముందే కనిపించాయి తాత్యా," అంది. "చంద్రుడిలాగా మెల్లగా లేచి మెల్లగా దిగే అలకు ఒక్క కర్రే ఉండాలి. వీణ తీగలాగా. ఇన్ని కర్రలు వరుసగా ఉన్నాయంటే అది అల కాదు. నెలకొకసారి ఠంగుమని పడే దెబ్బ. మీ తాళాల్లాగా. నాకు చంద్రుడు నచ్చాడు, అందుకని వీటిని పక్కన పెట్టేశాను."

తప్పు నాది ఒక్కడిదే కాదన్నమాట. అది విని నాకు కొంచెం ఊపిరి ఆడింది, దాచడం ఎందుకు.

ఎంత తగ్గించేవారు అని అడిగింది. రూపాయికి అణా అని మళ్ళీ చెప్పాను. రూపాయికి పదహారు అణాలు కాబట్టి వందకు ఆరు పైచిలుకు. చూద్దాం అని, ప్రతి అమావాస్య అంకెనూ దాని ముందురోజు ధరతో, తర్వాతి రోజు ధరతో పోల్చే లెక్క పెట్టింది. కంప్యూటరు రెండు క్షణాల్లో జవాబు ఇచ్చింది. ఆమె తెర వైపు చూసి, నా వైపు చూసి, తల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. సగటున వందకు ఆరు తక్కువ. మొదటి పదేళ్ళూ ఆరే, చివరి పదేళ్ళూ ఆరే. ధర క్వింటాలుకు ముప్పై ఉన్నప్పుడూ అంతే, మూడు వేలున్నప్పుడూ అంతే.

"మీరు తప్పు కూడా నలభై ఏళ్ళు ఒకే కొలతతో చేశారు," అంది. "నేను చంద్రుడనుకున్నది మిమ్మల్నే."

ఇంతకంటే పెద్ద మానపత్రం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆ నాలుగు వందల అంకెలు తీసేసి, వాటి చోట ఏమీ లేదని కంప్యూటరుకు చెప్పి, మళ్ళీ లెక్క పెట్టడానికి ఆమెకు ఒక పూట పట్టింది. ఒట్టి ఖాళీని ఈ లెక్క సహించదట, దానికి వేరే పద్ధతి ఉందట. అవన్నీ నాకు తెలియవు. గురువారం పొద్దున ఫోను చేసింది. కర్రల వరుస పోయిందంది. ఇరవై తొమ్మిదిన్నర దగ్గర మాత్రం ఒక చిన్నది మిగిలింది, వెతికితే గాని కనపడదు, కాని ఉంది. అదేమిటో తనకు తెలియడం లేదంది. ఈసారి మాత్రం ముందు మిమ్మల్ని అడిగి తర్వాత నమ్ముతాను అంది.

నేను ఒక్క క్షణం ఆలోచించాను. అమావాస్య నాడు గేటుకు తాళం. ఆ రోజు రావాల్సిన ట్రాక్టర్లు కూడా మర్నాడే వస్తాయి. రెండు రోజుల సరుకు ఒక్క పూటలో వరుసకడుతుంది. వ్యాపారి చేతులు కట్టుకుని నిలబడతాడు. ధర వందకు ఒకటో రెండో తగ్గుతుంది. నేను కళ్ళారా చూసింది, చెవులారా విన్నది. అదే చెప్పాను. "అయితే చంద్రుడు కాదు, తాళం," అంది మృణాల్. అవునన్నాను.

మీటింగు కంపెనీ గోదాములో. అరవై మందీ వచ్చారు, బయట వాన. కారభారీ తీర్మానం చదవబోతుంటే నేను లేచాను. తాత్యా ఆశీర్వదించి మాట్లాడతాడనుకున్నారు, కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. అమావాస్య ధరలు నేను వినలేదనీ, ఊహించి అణా తగ్గించి రాశాననీ, ఆ అలకు శిఖరం లేదనీ, పూర్ణిమ కోసం ఆగితే దొరికేది మొలకలేననీ. మృణాల్ లేచి, తను కూడా చూసీ చూడనట్టు వదిలేసిన కర్రల గురించి చెప్పింది. ఆమె చెప్పనక్కర్లేదు. అయినా చెప్పింది. బబన్ కూతురు.

కారభారీ తన చేతిలోని కాగితం మడతపెట్టాడు.

"నలభై ఏళ్ళు మా చెవుల్లో పువ్వులు పెట్టారన్నమాట," అన్నాడు.

తల వంచుకున్నాను. అతను మాత్రం అక్కడితో ఆపలేదు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా గోదాము కప్పు వైపు చూశాడు.

"మా బాపు ప్రతి అమావాస్యకీ మీ అరుగు మీదికి వచ్చేవాడు. వచ్చి మా అమ్మతో, తాత్యా ఇంతే అన్నాడే, ఏం చేస్తాం, బండి కట్టు అనేవాడు. మర్నాడు మార్కెట్ నుంచి జిలేబీ తెచ్చేవాడు. అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చిందని. నెలకోసారి జిలేబీ ఎందుకు తెచ్చేవాడో నాకు ఇవాళ తెలిసింది."

ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. వెనక వరుసలోంచి ఒకాయన, మా ఇంట్లో అయితే శేవ్, కారప్పూస పొట్లం అన్నాడు. తాత్యా అణాతో ఎన్ని ఇళ్ళల్లో పళ్ళు పుచ్చిపోయాయో లెక్క తీయమ్మా అని మృణాల్‌ను ఆటపట్టించారు. నేను తలెత్తాను.

నవ్వులయ్యాక పని మాట్లాడుకున్నారు. పూర్ణిమ మాట తీసేశారు. చాళలు వెంటనే తెరవాలనీ, మొలక ఎక్కువున్నవాళ్ళది ముందు పంపాలనీ, పితృ అమావాస్య మర్నాడు మాత్రం ఒక్క ట్రాక్టరు కూడా కదలకూడదనీ తీర్మానం రాశారు. ఎవరి గడ్డ ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పమని నన్నే తిప్పారు. రెండు రోజులు అరవై చాళలూ తిరిగి, పై పొర నలిపి, చెవి దగ్గర పెట్టుకుని వరుస చెప్పాను. మోకాళ్ళు నొప్పి పెట్టాయి గాని ఒక్క చాళ కూడా వదల్లేదు. అమావాస్య మర్నాడు వేరే ఊళ్ళ ట్రాక్టర్లు హైవే దాకా నిలబడితే, మావాళ్ళు ఇళ్ళల్లో గడ్డలు ఏరుకుంటూ కూర్చున్నారు. ఆ మర్నాడు వెళ్ళి నిమ్మళంగా అమ్ముకొచ్చారు. మరో వారానికి వాన ఉధృతమైంది. అప్పటికి అరవై చాళల్లో యాభై ఒకటి ఖాళీ. మిగిలిన తొమ్మిదీ గట్టి గడ్డ, ఆగుతాయని నేను చెప్పినవే. ఆగాయి కూడా.

మృణాల్ కాగితం పుణెలో చదివింది. చంద్రుడి గురించి కాదు, తాళం గురించి. వేలం లేని రోజుల్లో రాసిన అంకెలను ఎట్లా గుర్తుపట్టాలో అనే భాగం అందులో పెద్దదట. ఆ భాగంలో నా పేరు మూడు సార్లు వచ్చింది. కచేరీవాళ్ళు నా మానపత్రం మార్చి ఇస్తామన్నారు. వద్దన్నాను. ఉన్నదాని కిందే నా చేత్తో "అమావాస్యలు మినహా" అని రాసుకున్నాను. అక్షరం కొంచెం వంకర పోయింది.

ఇప్పుడు ప్రతి ఏడూ కాలేజీ తెరిచాక ఒక రోజు మృణాల్ నన్ను తన తరగతికి పిలుస్తుంది. బోర్డు మీద ఒక ధర రాసి, ఇది ఎట్లా పుట్టిందో వీళ్ళకు చెప్పండి తాత్యా అంటుంది. నేను బల్లలన్నీ పక్కకు జరిపించి, పదిహేను మందిని వ్యాపారులుగా నిలబెట్టి, ఒకణ్ణి ట్రాక్టరు పక్కన రైతును చేసి, వేలం పిలుస్తాను. గొంతు ఇంకా బాగానే ఉంది, పక్క తరగతి పంతులు వచ్చి తలుపు వేసి పోతాడు. పిల్లలు చీటీ రాస్తారు. అందరి చీటీల్లోనూ ఒకే ధర ఉండాలని నా పట్టుదల. మొదటిసారి ఎప్పుడూ ఉండదు. మళ్ళీ పిలుస్తాను.